మొదటి సంతకం లేని అర్జీ

గోదావరిఖని చరిత్ర రాసేవాళ్ళు బొగ్గు ఎప్పుడు దొరికిందో రాస్తారు. ఏ బొగ్గుబాయి ఎప్పుడు తెరిచారో, ఏది ఎప్పుడు మూశారో రాస్తారు. సమ్మెల సంగతి సరేసరి. సదయ్య చాయ్ తాగే పద్ధతి గురించి మాత్రం ఇంతవరకు ఒక్కరూ ఒక్క వాక్యం రాయలేదు. చరిత్రకారుల పక్షపాతానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఆ పద్ధతి ఇది. డ్యూటీ దిగి చౌరస్తా హోటల్లో కూర్చుంటాడు. గ్లాసులు వస్తాయి. సదయ్య తన గ్లాసు ముట్టుకోడు. పక్కవాడు ఒక గుటక వెయ్యాలి. వేశాక కూడా వాడు ఎప్పటిలాగే కూర్చుని రాజకీయాలు మాట్లాడుతున్నాడని రూఢి కావాలి. అప్పుడు సదయ్య గ్లాసెత్తుతాడు. పక్కన ఎవరూ లేకపోతే ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగుతాడు. చాయ్ ఆగదు, చల్లారుతుంది. నలభై దాటిన ఆ మనిషి వేడి చాయ్ తాగిన సందర్భాలు బహు తక్కువ.

చాయ్ ఒక్కటే అయితే చరిత్రకారులను క్షమించవచ్చు. బస్సు ఎక్కేటప్పుడు, మంగలి కుర్చీలో కూర్చునేటప్పుడు, ఓటు వేసే వరసలో, వినాయకుడి పులిహోర దగ్గర, అన్నిచోట్లా సదయ్య రెండోవాడే. పెళ్ళిలోనూ అంతే. ఒకే పందిట్లో ఆయనకూ, చిన్నాయన కొడుక్కూ ముహూర్తం పెట్టారు. ఆ పిల్లవాడు తాళి కట్టేదాకా సదయ్య చేతిలో పుస్తె పట్టుకుని ఊరికే చూస్తూ ఉన్నాడు. అయ్యగారు మంత్రం రెండుసార్లు చదవాల్సి వచ్చింది. భార్య పూలమ్మ ఆ సంగతి ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది.

"ఆ పిల్లకు ఏం గాలేదని తెల్సినంకనే నాకు కట్టిండు."

నవ్వుతూనే చెబుతుంది. కానీ ఈ అలవాటు ఎక్కడ పుట్టిందో ఆమెకు తెలుసు. అందుకే అత్త ఐలవ్వ వినేటట్టు ఎప్పుడూ చెప్పదు.

సదయ్య తండ్రి రాజం భూమి కింద బాయిలో పని చేసేవాడు. కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. కొత్తగా బొగ్గు తీసిన చోటికి అందరికంటే ముందు రాజమే పోవాలి. ఇనుప కడ్డీతో కప్పును కొట్టి చెవి పెట్టి వినాలి. గణగణమంటే గట్టిది. బోలుగా మోగితే పైన పెళ్ళ వదులైందని. రాజం చెవి మంచిది. ఒకరోజు ఉదయం మాత్రం కడ్డీ ఎత్తేలోపే కప్పు దిగింది. ఆయన వెనక నిలబడ్డ మనిషి తల నిండా దుమ్ముతో బయటికొచ్చి, ఇంటిదాకా నడిచి వచ్చి, ఐలవ్వకు ఆ మాట చెప్పాడు.

ఐలవ్వ ఆ మనిషిని సాగనంపింది. చాలాసేపటి తరవాత, ఆరేళ్ళ సదయ్య తల దువ్వుతూ అన్నది. "ఏడికి పోయినా ముంగట నిలబడకు కొడుకా. మీ నాయినెనుక నిలబడ్డోడు ఇంటికొచ్చిండు, సూసినవ్ గదా."

తండ్రి పోయినందుకు ఇచ్చిన నౌకరి పెద్దకొడుకుకు పోయింది. అక్కడా సదయ్య రెండోవాడే. ఆ ఒక్కసారి మాత్రం అందులో ఆయన ప్రయత్నం ఏమీ లేదు.

అట్లా సదయ్య డ్రైవింగు నేర్చుకుని, ఓపెన్ కాస్టులో మట్టి తీసే ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర టిప్పరు డ్రైవరయ్యాడు. బొగ్గు మీద ఉన్న మట్టిని తవ్వి, దూరంగా పోసి గుట్ట చెయ్యడం కాంట్రాక్టు. టిప్పర్లన్నిటికీ యజమాని అయిన ఆ కాంట్రాక్టరు హైదరాబాదులో ఉంటాడు. డ్రైవర్లలో ఎవరూ ఆయన్ని చూడలేదు. ఆఫీసు గోడ మీద ఫోటో ఉంది. దానికి దండ లేదు కాబట్టి బతికే ఉన్నాడని అనుకునేవారు. ఆయన తరఫున రాజ్యం చేసేది మేనేజరు కామేశ్వరరావు. కోస్తా నుంచి వచ్చినవాడు. మట్టి తవ్వేచోటే క్యాంపు, ఇనుప కంటైనరులో ఆఫీసు, పక్క కంటైనరులో మంచం, జేబులో బీపీ గోలీలు.

సకల జనుల సమ్మె అయిపోయి ఏడాది కావస్తోంది. తెలంగాణ వస్తదా రాదా అని హోటళ్ళలో గొంతులు చించుకుంటున్న రోజులు. అప్పటి వానాకాలంలో, ఆ కాంట్రాక్టరు దగ్గరి డ్రైవర్లకు అంతకంటే దగ్గరి ప్రశ్న ఒకటి ఉండేది. బ్రేకు కొడితే బండి ఆగుతదా, ఆగదా?

ఆగేది. ఆగదని ఎవరూ అనలేదు. అయితే కాలు పూర్తిగా తొక్కాక కూడా బండి ఇంకొంత దూరం తన ఇష్టప్రకారం పోయి, తనకు తోచినప్పుడు ఆగేది. రోడ్డు మీద అయితే అది చిన్న విషయం. మట్టిగుట్ట మీద కాదు. అక్కడ బండిని వెనక్కి నడిపి అంచు దాకా తీసుకుపోవాలి. అంచున మోకాలెత్తు మట్టికట్ట ఉంటుంది. కట్ట ఇవతల ఆపి, వెనక డబ్బా పైకెత్తి మట్టి జారవిడవాలి. కట్ట అవతల ఏమీ ఉండదు. చాలా కిందికి చూస్తే నేల ఉంటుంది.

వాన పట్టిన వారానికే వాళ్ళలో ఎల్లేశం అనేవాడి బండి కట్ట ఇవతల ఆగలేదు. బండి వెనక్కి ఒరిగిపోతుంటే ఎల్లేశం తలుపు తీసి దూకాడు. తొడ ఎముక విరిగి దవాఖానలో పడ్డాడు. బండి మాత్రం అడుగున చక్రాలు పైకి పెట్టి పడుకుంది. అక్కడికి క్రేను పోయే దారి లేదు. తీసేవాళ్ళు లేక అది అక్కడే ఉండిపోయింది. గుట్ట మీద బండి వెనక్కి తిప్పిన ప్రతి డ్రైవరుకూ పక్క అద్దంలో ముందు ఆ చక్రాలే కనిపించేవి.

ఎల్లేశం నిద్రపోయాడని ఆఫీసు తేల్చింది.

నిద్రపోలేదని మిగిలిన పదకొండు మందికీ తెలుసు. కానీ ఆ మాట ఎవరు అనాలి? పోయిన వానాకాలంలో లింగమూర్తి అనే డ్రైవరు బ్రేకుల మాట ఎత్తాడు. మర్నాడు గేటు దగ్గర అతని పాసు చెల్లలేదు. ఇప్పుడు మంచిర్యాలలో ఆటో నడుపుతున్నాడు. అతని వెనక అదే మాట అందామనుకున్న నలుగురి పాసులూ భద్రంగా ఉన్నాయి, ఎందుకంటే వాళ్ళు అనలేదు. లోకమంతా తన సిద్ధాంతానికే వస్తోందని సదయ్య గమనించాడు. సంతోషం మాత్రం కలగలేదు. రోజూ గుట్ట ఎక్కేటప్పుడు ఆయన అరచేతులు స్టీరింగు మీద జారేవి. ఇంటికి పోయాక కూడా కుడికాలు మంచం మీద దేన్నో తొక్కుతూ ఉండేది.

ఒకరోజు తిండి వేళ, వర్క్‌షాపు వెనక టార్పాలిన్ కింద అందరూ కూర్చున్నారు. వాన పడుతోంది. జగదీశ్వర్ మాట్లాడుతున్నాడు. హిస్టరీలో ఎంఏ చేసి, ఉద్యోగం రాక టిప్పరు తోలుతున్నవాడు. గేరు మార్చినప్పుడల్లా శతాబ్దం మారుస్తాడని పేరు.

"ఎనుకట ఇంగ్లండుల సరుకు ఓడలుండేటియి. ఓడేమో షావుకారుది, పానమేమో నౌకర్లది. ఓడకు బొక్కలు పడ్డా, తిండిల పురుగులొచ్చినా నడువుమనేటోళ్ళు."

"ఇంగ్లండేంది, మన క్యాంపు ముచ్చట చెప్పరాదు," అన్నాడొకడు.

"ఇను. పోము అంటే తిరుగుబాటు అనేటోళ్ళు. అందరు కలిసి అర్జీ రాస్తే, పైన ఎవని పేరుంటదో వాణ్ణే పట్టేటోళ్ళు. వీడే అందర్ని ఎగేసిండని ఒక్కోపారి ఉరి గూడ."

సదయ్య ఎత్తిన ముద్దను పళ్ళెంలోనే వదిలేశాడు. "మరి ఏం జేసిన్రు?"

"గుండ్రంగ సంతకాలు పెట్టిన్రు. నడిమిట్ల అర్జీ, సుట్టూ పేర్లు. సున్నాకు మొదలేడుంటది? కప్తాను కాగితాన్ని ఎటు తిప్పినా మొదటోడు దొరకడు."

టార్పాలిన్ మీద వాన చప్పుడు తప్ప కాసేపు ఏమీ వినిపించలేదు. ప్రపంచంలో కొత్త రాజ్యాంగాలు పుట్టినప్పుడు కూడా ఇట్లాగే నిశ్శబ్దంగా ఉండి ఉంటుంది.

"ఈ సున్నాల రెండోడు ఎవడైతడు?" అని అడిగాడు సదయ్య.

"ఎవ్వడు గాడు సదన్నా. అందరు ఎనుకటోళ్ళే."

నలభై ఏళ్ళుగా సదయ్య ఎదురుచూస్తున్నది ఇట్లాంటి ఏర్పాటు కోసమేనని ఆయనకు ఆ క్షణానే తెలిసింది.

సున్నా చుట్టడానికి పళ్ళెం కావాలి. పళ్ళెం సదయ్య దగ్గర మాత్రమే ఉంది. మిగతావాళ్ళు టిఫిన్ గిన్నెలోనే తింటారు. గిన్నెలో తింటే అడుగున ఏమున్నదో కనబడదని సదయ్య అన్నాన్ని పళ్ళెంలో పరిచి, పరీక్షగా చూసి తింటాడు. ఆ స్టీలు పళ్ళేన్ని కడిగి బోర్లించి సున్నా గీశారు. లోపల జగదీశ్వర్ నీలి స్కెచ్ పెన్నుతో, మేనేజరుకు కళ్ళద్దాలు లేకపోయినా కనబడేటట్టు, లావు అక్షరాలతో అర్జీ రాశాడు. చుట్టూ అందరూ బాల్‌పెన్నుతో సంతకాలు చేశారు. ప్రతివాడూ సంతకం చేశాక కాగితాన్ని కొంచెం తిప్పి, తన పేరు పైకి రాలేదని చూసుకున్నాడు. సదయ్య జగదీశ్వర్ తరవాత చేశాడు.

ఇక ఇచ్చేదెవరు? ఆ రోజు ట్రిప్పుల చీటీలు ఆఫీసులో ఇచ్చే వంతు జగదీశ్వర్‌ది. మేనేజరు వాననీళ్ళు తోడే పంపుల దగ్గరికి పోయి ఉన్నాడు. వానకు తడవకుండా కాగితం మీద పళ్ళెం కప్పుకుని జగదీశ్వర్ పరుగెత్తాడు. ఉత్త చేతులతో, విజయవంతంగా తిరిగొచ్చాడు.

"పెట్టొచ్చిన. టేబులు నడిమిట్ల పెట్టిన."

"నా ప్లేటేది?" అన్నాడు సదయ్య.

"ఫ్యాను తిరుగుతున్నది. కాగితం ఎగిరిపోతదని దాని మీద పెట్టిన."

సదయ్య చాలా మెల్లగా అన్నాడు. "దాని అడుగున పేరున్నది."

"ఎవరి పేరు?"

"పెండ్లికి మా మామ పెట్టిన సామాన్లల్లది. దుకాణంల పేరు కొట్టిచ్చిండు. అల్లుడు సదయ్యకు అని."

క్యాంపు మొత్తానికి సదయ్య అనే పేరున్నవాడు ఒక్కడే. పదకొండు పేర్లలో ఏదీ ముందు రాకుండా అంత జాగ్రత్త పడి, ఆ కాగితం నెత్తిన ఒక్క పేరును స్టీలు మీద చుక్కలు చుక్కలుగా చెక్కించి మరీ పెట్టి వచ్చారు. జగదీశ్వర్ మొదటిసారిగా చరిత్ర వదిలి వర్తమానంలోకి వచ్చాడు.

"పెద్ద గల్తీ అయింది సదన్నా."

"ఇంగ్లండోళ్ళు గిన్నెల మీద పేర్లు కొట్టిచ్చుకోరా?"

"పుస్తకంల లేదన్నా."

పళ్ళెం తెద్దామని ఇద్దరూ లేచారు. అప్పటికే మేనేజరు జీపు కంటైనరు ముందు ఆగింది. తిండి వేళ అయిపోయిందని సైరను కూసింది.

ఆ ట్రిప్పు సదయ్య ఎట్లా నడిపాడో ఆయనకే తెలియదు. మట్టి నింపుకుని గుట్ట ఎక్కుతుంటే రెండు భయాలు పక్కపక్క సీట్లలో కూర్చున్నాయి. ఒకటి పళ్ళెం, రెండోది బ్రేకు. లింగమూర్తి ఆటో గుర్తొచ్చింది. తనకు ఆటో కూడా లేదు. పైన బండి తిప్పాడు. వానలో జెండా ఊపే మనిషి మసకగా కనిపిస్తున్నాడు. వెనక్కి నడిపాడు. అద్దంలో ఎల్లేశం బండి చక్రాలు కనిపించాయి, వాటి మీద వాన పడుతోంది. జెండా ఆగమన్నది. సదయ్య తొక్కాడు. బండి ఆగలేదు. కాలు ఇంకా తొక్కాడు, సీటులోంచి లేచి తొక్కాడు. వెనక టైర్లు మెత్తగా దేన్నో ఎక్కుతున్నాయి. కట్ట. బరువుకు కట్ట కుంగి, బండి ముందుభాగం కాస్త పైకి లేచి, ముందు గాజులోంచి రోడ్డు పోయి ఆకాశం వచ్చింది. అప్పుడు, దానికి తోచినప్పుడు, ఆగింది.

జెండా మనిషి జెండా కింద పడేసి దూరంగా నిలబడి ఉన్నాడు.

డబ్బా ఎత్తాక మట్టి జారిపోయింది. అవతల అది నేలను తాకిన చప్పుడు చాలా ఆలస్యంగా వచ్చింది. సదయ్య చేతులు స్టీరింగును వదలలేదు. నాయిన కడ్డీ ఎత్తిన చోటు ఇట్లాగే ఉండి ఉంటుంది అనుకున్నాడు. ఇన్నాళ్ళూ అందరి వెనక ఉన్నానని ధీమాగా ఉన్నాడు. కానీ ఈ సీట్లో కూర్చుని వెనక్కి నడిపినప్పుడు, అంచుకు అందరికంటే ముందు చేరేది తనే. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎందుకు తోచలేదో అర్థం కాలేదు.

షిఫ్టు దిగేటప్పుడు పాసుల మీద ముద్ర వేయించుకోవడానికి అందరూ కంటైనరు ముందు వరసగా నిలబడ్డారు. తలుపు తెరుచుకుని కామేశ్వరరావు బయటికి వచ్చాడు. ఒక చేతిలో పళ్ళెం, ఇంకో చేతిలో కాగితం. పళ్ళేన్ని బోర్లా తిప్పి, కళ్ళద్దాలు పైకి జరిపి చదివాడు.

"సదయ్య ఎవరు?"

అందరూ బురదలో తమ తమ బూట్లను చూసుకుంటున్నారు. సదయ్య ముందు నిలబడ్డ మనిషి ఏదో మరిచిపోయినట్టు పక్కకు జరిగాడు. అతని ముందున్నవాడూ జరిగాడు. చూస్తుండగానే సదయ్యకూ మేనేజరుకూ మధ్య అడ్డం ఎవరూ లేకుండా పోయారు. వేడి చాయ్ గ్లాసు ముందు కూర్చున్నట్టుగా ఉంది.

"నేనే సార్," అని అడుగు ముందుకు వేశాడు. "అండ్ల ఎవ్వని పేరు మొదలు లేదు సార్. సుట్టూ ఉన్నయి."

"చుట్టూ ఉన్నాయి, కనపడుతూనే ఉన్నాయి. ఏంటయ్యా ఇది, చిట్టీ పాటా? క్యాంపులో చిట్టీలు నడపొద్దని ఎన్నిసార్లు చెప్పాను? పైగా తడి పళ్ళెం తెచ్చి నా టేబులు మీద పెడతారా?"

కాగితం తిప్పి చూపించాడు. నడుమ అర్జీ లేదు. పళ్ళెం తడికి స్కెచ్ పెన్ను అంతా కరిగి, నీళ్ళలో నీలిమందు కలిపినట్టు ఒక పెద్ద మరక మిగిలింది. దాని చుట్టూ పదకొండు పేర్లు బాల్‌పెన్నులో చెక్కుచెదరకుండా, ఎవరివి వారివిగా వెలిగిపోతున్నాయి. ఏం కావాలో లేదు. ఎవరికి కావాలో మాత్రం ఉంది.

వెనక నుంచి ఎవరో గుసగుసగా అన్నారు. "చిట్టీ అను సదన్నా. చిట్టీ అని ప్లేటు తీస్కొని రా."

అంతకంటే సులువు లేదు. ఒక్క మాట అంటే పాసు జేబులో ఉంటుంది, పళ్ళెం చంకలో ఉంటుంది. పూలమ్మకు కూడా తెలియదు. కామేశ్వరరావు పళ్ళెం చాచాడు. సదయ్య అందుకున్నాడు. రేపు పొద్దున మళ్ళీ వాన పడుతుంది. రేపు కూడా ఆ అద్దంలో ఆ చక్రాలే ఉంటాయి.

"చిట్టీ గాదు సార్," అన్నాడు పళ్ళేన్ని ఛాతీకి అడ్డం పెట్టుకుని. "బ్రేకులు లెవ్వు. ఏ బండికి లెవ్వు. ఎల్లేశం నిద్రపోలే."

కామేశ్వరరావు మొహం గట్టిపడింది. "ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"ఎవ్వలు జెప్పుమనలే. మొదలు నేనే జెప్తున్న."

"నేను రెండోణ్ణి సార్," అన్నాడు వెనక నుంచి జగదీశ్వర్. ఆ తరవాత పక్కకు జరిగినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ వరసలోకి వచ్చారు.

మేనేజరు చాలాసేపు కాగితం వైపే చూశాడు. తరవాత గొంతు తగ్గించాడు. "బ్రేకు లైనర్లు స్టోర్లో ఉన్నాయయ్యా. వానలకి ముందే వచ్చాయి. ఓనరుగారు తానే చెబుతాను, అప్పటిదాకా తీయొద్దన్నారు. మర్చిపోయారో ఏమో. నేనే ముందు ఫోను చేసి అడిగితే ఏమనుకుంటారోనని..."

ఆ మాటలో చల్లారిన చాయ్ వాసన సదయ్య వెంటనే పసిగట్టాడు.

"నీ బండి ఏది? నన్ను ఎక్కించుకో, చూద్దాం," అన్నాడు కామేశ్వరరావు, కాస్త బింకంగా.

గుట్ట మీదికి పోలేదు. ఆఫీసు ముందరి చిన్న దిగుడు చాలింది. సదయ్య దూరం నుంచే బ్రేకు తొక్కాడు. బండి వింటున్నట్టే కనిపించి, విననట్టే వచ్చింది. కామేశ్వరరావు ముందు డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు, తరవాత సదయ్య భుజం పట్టుకున్నాడు. ఎదురుగా తన మంచం ఉన్న కంటైనరు పెద్దదవుతూ వచ్చింది. కంటైనరు మెట్టుకు జానెడు దూరంలో బండి ఆగింది. ఆయన దిగి, గోలీ వేసుకుని, నీళ్ళు తాగి, స్టోర్ కీపరును పిలిచి తాళాలు తెమ్మన్నాడు. హైదరాబాదుకు ఫోను ఆ తరవాత చేశాడు. ఏం మాట్లాడారో బయటికి వినబడలేదు.

ఇంటికి వస్తే ఐలవ్వ కొడుకు మొహం చూసి అడిగింది. "ఏందిరా, గట్లున్నవ్? ఏడనన్న ముంగట నిలబడ్డవా?"

"లేదవ్వా," అన్నాడు సదయ్య. పూలమ్మ పళ్ళెం కడగడానికి తీసుకుని, దాని అంచున అంటిన నీలి రంగును గోరుతో గీకింది.

మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ సదయ్య పాసు అటూ ఇటూ తిప్పి చూశాడు. సదయ్యకు లింగమూర్తి ఆటో హారను వినిపించినట్టే అయింది. వాచ్‌మన్ పాసు తిరిగి ఇచ్చి, వెనకవాడి కోసం చెయ్యి చాచాడు.

లైనర్లు మార్చడానికి బండ్లను ఒక్కొక్కటిగా వర్క్‌షాపులోకి పిలిచారు. మొదట జగదీశ్వర్ బండి పోయింది. సదయ్యది రెండోది.